ఆరో గడి

ఫారంలో ఆరో గడి దగ్గర
హబ్తోమ్ పెన్ను ఆగింది.
"ఈ దేశంలో పని అనుభవం" అని ఉంది అక్కడ.

లెస్టర్, నార్బరో రోడ్డు. మా పొదుపు సంఘం ఆఫీసు
చేపల వేపుడు కొట్టు మీద.
మధ్యాహ్నమయ్యేసరికి అప్పు కాగితాలన్నీ
నూనె వాసనేస్తాయి.

ఐదు గడులు గబగబా నింపాడు.
పేరు. పుట్టిన ఊరు, కెరెన్.
వృత్తి, సైకిళ్ళు బాగుచేయడం:
నాన్న దగ్గర పదేళ్ళు, సొంతంగా ఏడు.
గత మూడేళ్ళ చిరునామాలు అడిగితే
హోటల్ గది నంబర్లు రాశాడు,
ఒకదాని కింద ఒకటి, తడుముకోకుండా,
ఎక్కాలు ఒప్పజెప్పినట్టు.
కావలసింది పద్దెనిమిది వందల పౌన్లు.
ఒక స్టాండు, గాలి పంపు, చక్రం వంకర తీసే చట్రం,
సంతలో బల్లకి మూడు నెలల అద్దె.

ఆరోది తెల్లగా ఉంది.
అనుభవమంటే నువ్వు పడింది కాదు హబ్తోమ్
అని చెప్పబోయి ఊరుకున్నాను.
మా భాషలో రెండిటికీ ఒకటే మాట.
ఈ ఫారానికి మాత్రం
రెండిట్లో ఒకటే కావాలి.

నాకు తెలియదా ఏం.
మూడేళ్ళ కిందటి ఫిబ్రవరి,
ఎమ్మెస్సీ రెండో సెమిస్టరు,
వీపున ఎవరిదో బిర్యానీ,
వానలో చైను తెగింది.
క్లాక్ టవర్ దగ్గర చూరు కింద నిలబడ్డ మనిషి
ఏమీ అడక్కుండా మోకాళ్ళ మీద కూర్చుని
జేబులోంచి పిడికెడంత పనిముట్టు తీశాడు.
లింకులో పిన్ను నొక్కి, పెడలు ఒక్కసారి తిప్పి,
చెవి దగ్గర పెట్టి విన్నాడు.
ఐదు పౌన్లు ఇవ్వబోతే
చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు,
నోటు కాలుతుందన్నట్టు.
"నో వర్క్," అన్నాడు. "ఫ్రెండ్."

అప్పటికి అతనికి పనిచేసే అనుమతి లేదు.
డబ్బు ముట్టుకుంటే పని,
ముట్టుకోకపోతే స్నేహం.
అలా ఒట్టి స్నేహంతోనే
నల్గొండ పిల్లల సైకిళ్ళు, నరసరావుపేట పిల్లల సైకిళ్ళు,
కొట్టాయం నర్సమ్మ కొడుకు మూడు చక్రాల బండి.
ఎవరూ లెక్క రాయలేదు గానీ
మూడు వందలకి తక్కువుండవు.

"ఇదంతా రాస్తాను," అన్నాను.
"వద్దు హైమా. స్నేహాన్ని పని అని రాస్తే
రేపు ఎవరో ఒకరు చదువుతారు."
కాగితం ఏం చేయగలదో
కాగితాల మధ్య బతికే నాకన్నా
అతనికే బాగా తెలుసు.

గడి ఖాళీగానే పైకి పంపాను.
అడుగున నా మాటగా రెండు వాక్యాలు:
ఇతని పనితనం నాకు తెలుసు.
నా చైను ఇంతవరకు మళ్ళీ తెగలేదు.
రెండోది కొట్టేయమన్నారు మేనేజరు బెరిల్ గారు.
కొట్టేశాను.

పద్దెనిమిది వందలకి పదకొండొందలు వచ్చాయి.
చట్రం తర్వాత చూద్దాంలే అన్నాడు,
అందాకా కంటి కొలతే.

శనివారం సంతలో
బంగాళాదుంపల వాడికీ ఫోను కవర్ల వాడికీ మధ్య
ఒక బల్ల, ఒక గొడుగు, మూడు భాషల బోర్డు.
తెలుగు లైను నేను రాసిచ్చిందే:
ఇచ్చట పంక్చర్లు వేయబడును.

నా సైకిలు బాగానే ఉంది.
అయినా వెనక బ్రేకు పట్టేస్తోందని అబద్ధమాడాను.
తిప్పి విన్నాడు.
అబద్ధమని తెలిసిపోయింది. నవ్వలేదు.
నిజంగానే ఒక మర పావువంతు బిగించాడు.
"ఎనిమిది పౌన్లు."

పదిచ్చి, ఉంచుకోమన్నాను.
ఉంచుకోలేదు.
గ్రీజు వేళ్ళతో వెతికి రెండు నాణేలు
నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.
కొత్త రసీదు పుస్తకం తెరిచాడు.
నంబరు ఒకటి.
కార్బను కాగితం ఎటు పెట్టాలో తేలక
రెండుసార్లు తిరగేసి
నా పేరు రాశాడు, ఒక అక్షరం తప్పుగా.

కింది కాపీలో ఏమీ పడలేదు.
నాలుక కరుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

నా వెనక ఇద్దరు డెలివరీ కుర్రాళ్ళు
చక్రాలు ఆనించి నిలబడ్డారు.
తొందర లేదన్నా, రాసుకో అన్నాడు ఒకడు,
తెలుగులోనే.